పలకల నడిమి సందు

డిప్లొమా ముగించి మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు నా పని ఏందో మా ఇంట్లో చెప్పి ఒప్పించలేకపోయినాను. గోడ కట్టేదానికా అని అడిగినాడు మా నాయన. కాదు, కట్టేసిన గోడను చూసేదానికి అని చెప్పినాను. ఆయన "చూస్తే ఏమొస్తాది పాపా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగినాడు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏండ్లవి. బెంగుళూరు రోడ్డును వెడల్పు చేస్తాండిన కాలం. రాప్తాడు అవతల ఒకచోట వానొస్తేనే పారే ఒక వంక, దాని పక్కనే ఊర్లకు పోయే దారి, రెండూ కలిసి రోడ్డుకు అడ్డం వచ్చేవి. అక్కడ వంతెన వేసినారు. వంతెన మీదికి రోడ్డు ఎక్కాలంటే అటూ ఇటూ మట్టి పోసి ఎత్తు చేయాల. ఆ మట్టి జారకుండా రెండు పక్కలా కాంక్రీటు పలకలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి గోడ లేపినారు. మూడు నిలువుల ఎత్తు. మొదటిసారి దగ్గరికి పోయి చూస్తే ఆ పలకల మందం జానెడు కూడా లేదు. పైన రాళ్ల లారీలు పోతాండాయి. ఇంత మట్టిని ఇంత పలుచని పలకలు యెట్ల మోస్తాయి అనుకున్నాను.

ఆ అనుమానాన్ని తీర్చినది సార్. ఆయన గుంతకల్లు మనిషి. రైల్వేలో సర్వే పని చేసి రిటైరయినాక, గోడ కదలికలు చూసే పనికి మా కంపెనీ ఆయన్ను తీసుకుంది. సన్నగా, ఎండి నల్లబడిన మనిషి. మాట తక్కువ. మొదటి దినమే నన్ను సైటు షెడ్డు ముందర కూర్చోబెట్టి, ఒక అట్టపెట్టె తెప్పించి, దానికి ఒక పక్క కోసేసినారు. కోసిన పక్కన మందపు కాగితం అడ్డం నిలబెట్టి వెనకాల ఇసుక పోసినారు. చెయ్యి తీసిన మరుక్షణం కాగితం పడిపోయింది, ఇసుకంతా నా చెప్పుల మీదికి జారింది. మళ్లీ అదే కాగితానికి వెనకవైపు పాత పేపరు పట్టీలు వరసగా అంటించినారు. కొంచెం ఇసుక పోసి, చదును చేసి, దాని మీద పట్టీలు పరిచి, మళ్లీ ఇసుక. అట్ల నాలుగు వరసలు. చెయ్యి తీసినారు. నిలబడింది. దాని మీద ఇటుక పెట్టినారు. రెండో ఇటుక నన్ను పెట్టమన్నారు.

"చూడు పాపా, కాగితం ఇసుకను మోయడం లేదు. పట్టీలను ఇసుక గట్టిగా పట్టుకోనుండాది. ఇసుకే తన్ను తాను మోసుకుంటాండాది. ఈ గోడ కూడా అంతే. ఆ పలకల వెనకాల ఇనుప పట్టీలు లోపలికంటా ఉండాయి. మట్టికీ పట్టీకీ పట్టు ఉన్నంతవరకూ భయం లేదు."

పట్టు ఎప్పుడు పోతాది సార్ అని అడిగినాను. మంచి మట్టి పోయకపోతే పోతాది, పోసిన మట్టి సరిగ్గా అణగకపోతే పోతాది, అన్నింటికంటే ముందు లోపల నీళ్లు నిలిస్తే పోతాది అని చెప్పినారు. నేను నవ్వినాను. అనంతపురంలో నీళ్లా సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

మా పని ఇది. వంకకు ఇవతల ఒక బండ ఉండేది. ఎప్పటికీ కదలని రాయి అని దాని మీదే ఒక చిన్న దిమ్మె కట్టి, సర్వే మిషను దాని మీద నిలబెట్టేవాళ్లం. గోడ పలకల మీద అక్కడక్కడా అద్దం మాదిరి మెరిసే చిన్న గుర్తులు అంటించి ఉండేవి. బండ మీద నుంచి ఒక్కో గుర్తు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉండాదో చూసి పుస్తకంలో రాయాల. నిన్నటికీ ఈ దినానికీ తేడా వస్తే గోడ కదిలినట్టు. ఆ తేడా మిల్లీమీటర్లలో ఉంటాది. ఎండ ఎక్కితే కాంక్రీటు ఉబ్బుతాది, లెక్క మారుతాది. అందుకని సూర్యుడు గోడను తాకకముందే చూడాల. సార్ ఒక్క దినం కూడా ఆలస్యంగా రాలేదు. నేను ఆటోలో దిగేటప్పటికి ఆయన ఫ్లాస్కులో టీ పక్కన పెట్టుకొని మిషను తుడుస్తా కనిపించేవారు.

గోడ వంక వైపు మలుపు తిరిగే చోట పన్నెండు పలకలు బండ మీద నుంచి కనపడేవి కావు. వాటిని చేత్తో చూడాల. పలకకూ పలకకూ నడుమ బొటనవేలంత సందు ఉంటాది. సందుకు అటూ ఇటూ చిన్న ఇత్తడి మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరాన్ని మిల్లీమీటరులో వంతులు కూడా చూపించే వెర్నియర్ కొలబద్దతో కొలవాల. పైనుంచి దారానికి కట్టిన మేస్త్రీల తూకం గుండు వేలాడదీసి గోడ నిలువు చూడాల. అక్కడికి పోవాలంటే ముళ్లకంపల్లో వంక దిగి ఎక్కాల. ఆ పని మాత్రం సార్ ఎప్పుడూ నాకు ఒక్కదానికే వదల్లేదు. మోకాళ్ల నొప్పితోనే దిగేవారు.

ఐదారు నెలలు గోడ కదల్లేదు. రోజూ అవే అంకెలు, చివరి అంకె ఒకటి అటు, ఒకటి ఇటు. రోడ్డు పనివాళ్లు మమ్మల్ని చూసి, ఏమప్పా, గోడకు జ్వరం తగ్గిందా అని అడిగేవాళ్లు. సార్ పట్టించుకునేవారు కాదు. నాకే సిగ్గు. నా స్నేహితురాళ్లు బిల్డింగులు లేపుతాండారు, నేను ఏమీ జరగలేదని పుస్తకాలు నింపుతాండాను అనిపించేది.

వేసవి ముదిరినప్పుడు సార్ భార్యకు కంటి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రెండు వారాలు ఊరికి పోతానని, పుస్తకం నా చేతికిచ్చి పోయినారు. మొదటి మూడు దినాలు అంతా సరిగ్గానే చేసినాను. నాలుగో దినం బండ మీద పని ముగించేటప్పటికే తల తిరిగింది. వంక దిగాలంటే ఒళ్లు రాలేదు. ఎట్లాగూ కదలదు కదా అనుకున్నాను. షెడ్డులో కూర్చొని పన్నెండు పలకల లెక్కలు నిన్నటివి చూసి రాసేసినాను. మరీ ఒకే మాదిరి ఉండకూడదని అక్కడక్కడా చివరి అంకె మార్చినాను. మరుసటి దినం పోదామనుకున్నాను, పోలేదు. ఒకసారి దాటినాక రెండోసారి కష్టం అనిపించలేదు. అట్ల పది దినాలు.

సార్ తిరిగి వచ్చిన దినం షెడ్డు మెట్ల మీద కూర్చొని పుస్తకం మొదటి పేజీ నుంచి చూసినారు. నేను ఆయన భార్య కన్ను ఎట్లుండాది అని అడిగినాను, బాగుంది అని తల తిప్పకుండానే చెప్పినారు. శానాసేపటికి వేలు ఒకచోట ఆపి, "నడుమ రెండు దినాలు మబ్బు పట్టిందేమో కదా?" అని అడిగినారు. అవును సార్, చల్లగా ఉండింది అన్నాను.

"ఇవతలి పలకల లెక్కలన్నీ ఆ రెండు దినాలూ మారి ఆ సంగతి చెప్తాండాయి. అవతలి పన్నెండూ చెప్పలేదే."

అటువైపు నీడ కదా సార్ అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక్కసారి చూసి, సరే పాపా అని పుస్తకం మూసినారు. ఆ పూట సద్ది తెరిచి తినలేకపోయినాను.

మరుసటి దినం బండ మీద పని ముగియగానే ఆయన తూకం గుండు భుజాన వేసుకొని వంక వైపు నడిచినారు. నేను వెనకాల పోయినాను. వంక ఎక్కి మలుపు తిరిగేసరికి గోడ అడుగున ఒక ముసలాయన మేకలను మేపుకుంటా కూర్చోనున్నాడు. మేకలన్నీ ఒకే చోట గుంపుగా తలలు వంచుకోనుండాయి. అక్కడ పచ్చిక. చుట్టూ ఎక్కడ చూసినా ఎండిన గడ్డి, ఎర్రమన్ను, మూడు పలకల కింద మాత్రం జానెడు ఎత్తు పచ్చదనం.

సార్ నిలబడిపోయినారు. ఎన్నాళ్ల నుంచి ఉండాది ఈ గడ్డి అని ముసలాయన్ను అడిగినారు. ఆయన లెక్క వేసుకొని చెప్పినాడు.

"వారం పైనే అయింది సారూ. యాడా మేత లేదు, దినామూ ఈడికే తోలుకొస్తాండా. ఎవురైనా తిడతారేమో అనుకున్యా, ఇంతవరకూ ఒక్క మనిషీ ఈ పక్కకు రాలేదు."

సార్ నా వైపు తిరగలేదు. వెర్నియర్ తీసి పలకల నడిమి సందు కొలిచినారు. కింద నుంచి రెండో వరసలో సందు నా పుస్తకంలో ఉన్నదానికంటే తొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. మళ్లీ కొలిచినారు. తూకం గుండు వేసి చూస్తే పలకలు కడుపు ముందుకు వచ్చినట్టు ఉబ్బినాయి. కంటికి తెలిసేటంత కాదు, దారానికి తెలిసేటంత. నీళ్లు బయటికి పోయేదానికి గోడకు పెట్టిన రంధ్రాల్లో ఆయన పుల్ల దూర్చినారు. బంకమన్ను కూరుకుపోయి పుల్ల దిగలేదు.

అప్పుడు చెప్పినాను. పది దినాలు నేను ఇక్కడికి రాలేదు సార్, అవన్నీ షెడ్డులో రాసినవి. ఆయన తిడతారని కాచుకోనున్నాను. ఆయన వెర్నియర్ జేబులో పెట్టుకొని, పుస్తకం ఇయ్యి అన్నారు. ఇచ్చినాను. పది పేజీలూ తిప్పి, నా చేతికి పెన్ను ఇచ్చి, ఒక్కో లెక్క మీద గీత కొట్టి పక్కన 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టమన్నారు. కింద ఉన్న అంకె కనపడేటట్టే గీత కొట్టాల, దిద్దకూడదు అన్నారు. నేను ఏడుస్తానే రాసినాను. ముగిసినాక ప్రతి సంతకం పక్కనా ఆయన కూడా సంతకం పెట్టినారు. మీరెందుకు సార్ అంటే, "పుస్తకం నీకిచ్చి పోయినది నేను. వచ్చినాక అనుమానం వచ్చి కూడా ఒక దినం గమ్మునున్నది నేను" అన్నారు.

మధ్యాహ్నానికి పెద్ద ఇంజనీరు వచ్చినాడు. నలభై ఏండ్ల మనిషి, తెలివైనవాడు, కోపిష్టి. మొదట నమ్మలేదు. వాన చుక్క పడి ఎన్నాళ్లయింది, నీళ్లు యాడివి అన్నాడు. తర్వాత పుస్తకం అడిగినాడు. అతనికి కావాల్సింది ఒక్కటే: గోడ ఎప్పుడు కదలడం మొదలుపెట్టింది? పది దినాలుగా మెల్లగా జరుగుతాంటే మందు వేసే వ్యవధి ఉంటాది. నిన్నటికీ ఈ దినానికీ నడుమ ఒక్కసారిగా జరిగుంటే ఏ గంటలో కూలుతాదో చెప్పలేం, పైన రోడ్డు మూసి గోడ విప్పాల్సిందే. ఆ ఒక్క ప్రశ్నకూ జవాబు ఉండాల్సిన చోట నా గీతలు ఉండాయి.

అందరి ముందరా నేనే చెప్పినాను, చూడకుండా రాసినానని. అతను మాట్లాడిన మాటలు నేను ఇప్పుడు రాయను, అన్నీ న్యాయమైనవే. నన్ను సాయంత్రానికి ఇంటికి పంపించమని సార్‌తో అన్నాడు. సార్ గొంతు పెంచకుండా జవాబిచ్చినారు.

"పంపించొచ్చు. అయితే ఇప్పటి నుంచి రెండు గంటలకొకసారి ఈ పన్నెండు పలకలూ చూడాల. మేకులు యాడుండాయో చీకట్లో కూడా తెలిసినోళ్లు ఇద్దరమే. నాకు మోకాళ్లు లేవు. రేపటికి అది జరిగే వేగం తెలిస్తే, నువ్వడిగిన ప్రశ్నకు అదే జవాబు."

ఇంజనీరు సరే అన్నాడు. వెంటనే లారీలను అవతలి పక్కకు మళ్లించినారు. గోడ కాళ్ల దగ్గర ఆనింపుగా, నీళ్లు నిలవని గరుసు మట్టితో కట్ట పోయడం మొదలుపెట్టినారు. నేను ఆ రెండు దినాలు ఎన్నిసార్లు ఆ వంక దిగినానో లెక్క లేదు. ప్రతిసారీ మూడుసార్లు కొలిచి, మూడూ రాసినాను. సార్ గట్టున కూర్చొని అంకెలు కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలుపుతా ఉన్నారు. మొదటి దినం గీత మెల్లగా, కానీ ఆగకుండా పైకి పోయింది. ఒక్కసారిగా ఎగరలేదు. అది చూసి ఆయన, వ్యవధి ఉండాది అని ఇంజనీరుకు చెప్పి పంపినారు.

నీళ్లు ఎక్కడివో కూడా ఆయనే పట్టినారు. పచ్చిక ఉన్న చోటికి సరిగ్గా పైన రోడ్డు అంచు మీద నడిచి, మట్టిని పిడికిట్లోకి తీసుకొని చూస్తా పోయి, ఒకచోట తవ్వమన్నారు. నడుములోతు పోయేసరికి పైపు కనిపించింది. వంతెన అవతలి ఊరికి తాగునీళ్లు పోయే పైపు. గోడ ముగిసినాక ఎవరో దాన్ని తెచ్చి రోడ్డు అంచున పూడ్చినారు, మాకు చెప్పినోళ్లు లేరు. దాని అతుకు దగ్గర నీళ్లు సన్నగా, నిదానంగా కారతాండాయి. మేమున్న కరువుకు ఆ ధార చూస్తే ఎవరికైనా దోసిలి పట్టాలనిపిస్తాది. అదే ధార లోపల మట్టిని నానబెట్టి పలకలను ముందుకు తోసింది.

పైపు కట్టేస్తే ఊరికి నీళ్లు రావు. బిందెలు పట్టుకొని ఆడవాళ్లు వచ్చినారు. మాట్లాడే పని ఇంజనీరుది, కానీ అతను సార్‌నే ముందుకు తోసినాడు. ఆయన వాళ్లను గోడ దగ్గరికి తీసుకుపోయి, తూకం గుండు వేసి, దారానికీ పలకకూ ఎంత సందు ఉండాలో, ఇప్పుడు ఎంత ఉండాదో చూపించినారు. ఒకామె తన చేత్తోనే దారం పట్టుకొని చూసింది. తర్వాత వాళ్లలో వాళ్లు మాట్లాడుకొని, ట్యాంకరు పొద్దున్నే రావాల, మధ్యాహ్నం వస్తే ఒప్పుకోము అని చెప్పి పోయినారు. నాలుగు దినాలు ట్యాంకరు పొద్దున్నే వచ్చింది.

గోడకు కొత్తగా రంధ్రాలు వేసినప్పుడు మొదట ఎర్రటి బురదనీళ్లు చిమ్మినాయి, తర్వాత తేటనీళ్లు, తర్వాత చుక్కలు. మూడో దినం పొద్దున సందు కొలిస్తే నిన్నటి లెక్కే వచ్చింది. సాయంత్రం అదే. మరుసటి పొద్దున అదే. నేను ఆ అంకె చెప్పినప్పుడు ఇంజనీరు మళ్లీ కొలవమన్నాడు, మళ్లీ అదే వచ్చింది. గోడ విప్పాల్సిన పని లేకపోయింది. పై మట్టిని కొంతవరకు తీసి, మంచి గరుసు పోసి, పైపును గోడకు దూరంగా మార్చినారు. ఉబ్బిన పలకలు ఉబ్బినట్టే నిలబడినాయి, ఇంక వెనక్కి పోవు. కానీ ముందుకూ రాలేదు.

నన్ను ఇంటికి పంపలేదు. ఇంజనీరు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సార్ కూడా ఆ పది దినాల గురించి తర్వాత ఒక్కసారీ మాట్లాడలేదు. ఒక్క మార్పు మాత్రం చేసినారు. అంతవరకూ మలుపు దగ్గరికి నాతో వచ్చేవారు కదా, ఆ తర్వాత నన్ను ఒక్కదాన్నే పంపేవారు. నేను తెచ్చిన లెక్కలను తిరిగి చూడకుండానే కింద సంతకం పెట్టేవారు. అది నాకు శిక్ష కంటే బరువుగా ఉండింది. ఏ దినమైనా ఒళ్లు బాగలేక పోకపోతే 'చూడలేదు' అని రాసేదాన్ని. ఆయన దానికీ అదే సంతకం పెట్టేవారు.

నేను ఆయన దగ్గర ఇంకొక ఏడాదిన్నర పని చేసినాను. ఆయన ఎక్కువ చదువుకున్న మనిషి కాదు. ఎవరి ముందరా తన పని గురించి గొప్పగా చెప్పుకోలేదు. ఏమీ జరగని దినాన్ని కూడా ఏదో జరిగిన దినమంత శ్రద్ధగా చూసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా ఎక్కువమందిని చూడలేదు. ఆ వేసవి పంట లేక ఇంట్లో ఊరికే కూర్చున్న మా నాయనకు పచ్చిక, మేకలు, పైపు సంగతి చెప్పినాను, నా తప్పుతో సహా. ఆయన అంతా విని, ఆ పెద్దాయన్ను ఒకసారి ఇంటికి పిలువు అన్నాడు. సార్ ఒక ఆదివారం వచ్చినారు. ఇద్దరూ ఇంటి ముందరి పంచలో కూర్చొని వేయించిన వేరుశెనగ బుడ్డలు ఒలుచుకుంటా వానల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

కొన్నేండ్ల తర్వాత నాకు లేపాక్షి పోయే దారిలో ఇంకొక గోడ చూసే పని దొరికింది. ఈసారి పుస్తకం మొదటి నుంచీ నాదే. ఆ సంగతి ఫోనులో చెప్తే, సార్ రెండు దినాలకు తానే బస్సెక్కి వచ్చేసినారు. అప్పటికి కర్ర లేకుండా నడవలేకపోయేవారు. వద్దన్నా వినకుండా గోడ ఒక కొస నుంచి ఇంకో కొసదాకా, రెండు పక్కలా నడిచినారు. అక్కడక్కడా ఆగి రంధ్రాల్లో పుల్ల దూర్చి చూసినారు, పలకల సందుల్లో వేలు పెట్టి చూసినారు, పైకెక్కి రోడ్డు అంచున పైపులేమైనా ఉండాయా అని అడిగినారు. మధ్యాహ్నం దాటింది. నేను ఏదో ఒక తప్పు చూపిస్తారని పెన్ను పట్టుకొని వెంటే ఉన్నాను.

చివరికి నీడలో కూర్చొని నీళ్లు తాగి, "ఎవరో మేస్త్రీ శానా బాగా కట్టినాడు పాపా, ఆయన యాడుండాడో కనుక్కో" అన్నారు. ఆ మేస్త్రీ అప్పటికే వేరే జిల్లాకు పోయినాడని చెప్పినాను. అట్లనా అని కొంచెం బాధపడినారు. ఇద్దరం సంగటి తిన్నాం. హిందూపురం బస్సు వచ్చేదాకా ఆయన గోడ వైపే తిరిగి కూర్చొని, పలకల వరసలు ఎంత సమంగా ఉండాయో నాకు చూపిస్తానే ఉన్నారు.